ఆకలి బాక్సర్‌ను తయారు చేయదు

బాక్సింగ్ గురించి మన పత్రికల్లోనూ సినిమాల్లోనూ ఒకే కథ తిరుగుతుంటుంది. పేదింటి కుర్రాడు బస్తీలో గొడవలు పడుతూ, చదువు మానేసి, దారి తప్పుతుంటాడు. ఒకరోజు ఎవరో కోచ్ కంట్లో పడతాడు. వీధిలో చూపించిన కోపాన్ని రింగ్‌లో చూపిస్తాడు, పతకం తెస్తాడు. చివర్లో ఎవరో ఒకరు 'ఆకలే వాణ్ని ఛాంపియన్‌ను చేసింది' అంటారు.

ఈ కథలో సగమే నిజం. దిక్కుతోచని వయసులో ఒక ఆట పిల్లల్ని నిలబెట్టగలదు, అందులో సందేహం లేదు. కానీ ఆకలే ఛాంపియన్లను తయారు చేసేదైతే మన మాలపల్లెలు, మాదిగపల్లెలు ఈపాటికి దేశానికి ఎన్ని పతకాలు తెచ్చి ఉండాలి? తేలేదంటే మన పిల్లల్లో పట్టుదల లేదనా? ఆకలిని పొగిడే కథలు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే తీసుకొస్తాయి, తప్పంతా పిల్లల మీదికే నెడతాయి. అందుకే అసలు బాక్సింగ్ ఒక పిల్లవాడిని ఏం అడుగుతుందో, అది మన పిల్లలకు ఎందుకు అందడం లేదో విడమరిచి చూడాలి.

ఆట అడిగేది ఏమిటి?

దూరం నుంచి చూస్తే బాక్సింగ్ అంటే గుద్దులాటే అనిపిస్తుంది. నేర్చుకునేవాళ్ళు మాత్రం మొదటి నెలల్లో ఎవర్నీ కొట్టరు. కాళ్ళు ఎక్కడ పెట్టాలి, గడ్డం ఎలా దించుకోవాలి, ఎడమచేత్తో ఎదుటివాణ్ని ఎంత దూరంలో ఆపాలి అన్నదే పాఠం. తాడాట, పరుగు, అద్దం ముందు గాలిలో గుద్దులు, తర్వాత పంచింగ్ బ్యాగ్. ఆ తర్వాతే ఎదురుగా మనిషిని నిలబెట్టి స్పారింగ్ చేయిస్తారు. ఇదంతా వారానికి ఐదారు రోజులు, అదే వేళకు, నెలల తరబడి జరగాలి. నాలుగు రోజులు వచ్చి పది రోజులు మానేస్తే ఈ ఆట రాదు.

పోటీలో ఎలైట్ స్థాయి బౌట్‌కి మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. ఐదుగురు జడ్జీలు విడివిడిగా మార్కులు వేస్తారు. రౌండ్ గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా అంతకంటే తక్కువ. ఎంత గట్టిగా కొట్టాడన్నది ఒక్కటే చూడరు. నిబంధనల ప్రకారం తగిలిన దెబ్బలెన్ని, ఆట ఎవరి చేతుల్లో ఉంది అన్నదీ చూస్తారు. పోటీ రోజు పొద్దున్నే తూకం యంత్రం ఎక్కాలి. తన విభాగం హద్దు కంటే కాస్త ఎక్కువ తూగినా బరిలోకి దిగనివ్వరు. అంటే పదిహేనేళ్ళ పిల్లవాడు ఏం తినాలో, ఎప్పుడు తినాలో, ఎంత నిద్రపోవాలో లెక్క ప్రకారం నడవాలి. లెక్క ప్రకారం తినాలంటే ముందు తిండి ఉండాలి కదా.

అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త దీన్ని దగ్గర నుంచి చూశాడు. ఫ్రాన్స్ నుంచి వెళ్ళిన లొయిక్ వకాంట్ 1988 నుంచి మూడేళ్ళపాటు చికాగో నగరంలో నల్లవారి పేటలో ఉన్న ఒక జిమ్‌లో చేరి, తనూ బాక్సింగ్ నేర్చుకుంటూ పరిశోధన చేశాడు. రింగ్ దాకా వచ్చి నిలబడేది పేటలో అందరికంటే అట్టడుగున ఉన్న పిల్లలు కాదని ఆయన గమనించాడు. ఎంతోకొంత నిలకడైన కష్టజీవుల ఇళ్ళ నుంచి వచ్చినవారే ఎక్కువగా నిలబడుతున్నారు. ఈ ఆట అడిగే క్రమశిక్షణకు రోజూ ఒకేలా గడిచే బతుకు కావాలి. పూర్తిగా చితికిపోయిన ఇళ్ళకు లేనిది అదే.

మహమ్మద్ అలీ కథనూ ఇలాగే చదువుకోవాలి. 1954లో అమెరికాలోని లూయివిల్‌లో పన్నెండేళ్ళ కాసియస్ క్లే కొత్త సైకిల్ పోయింది. దొంగ దొరికితే తంతానంటూ ఏడుస్తూ అతను వెళ్ళింది జో మార్టిన్ అనే పోలీసు దగ్గరికి. తన్నాలంటే ముందు నేర్చుకోవాలన్నాడు మార్టిన్. ఈ కథ చెప్పేవాళ్ళు పిల్లవాడి కోపం గురించే చెబుతారు. ఆ భవనం కింది అంతస్తులోనే పిల్లలకు బాక్సింగ్ నేర్పే జిమ్ ఉందనీ, దాన్ని నడిపేది ఆ పోలీసేననీ మనం గుర్తుపెట్టుకోవాలి. సైకిళ్ళు పోగొట్టుకున్న పిల్లలు ప్రపంచమంతటా ఉన్నారు. ఆరేళ్ళ తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన వాడికి మాత్రం మెట్లు దిగితే జిమ్ ఉంది.

నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్ దాకా

మన తెలుగు నేల మీద ఇందుకు మంచి ఉదాహరణ నిఖత్ జరీన్. 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. మొదట కూతురికి పరుగు నేర్పాడు. బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని ఆమె అడిగితే ఆ ఆటలో చేర్పించాడు. ఊళ్ళో శంసముద్దీన్ అనే కోచ్ ఉన్నాడు. ముస్లిం ఆడపిల్ల నిక్కరు వేసుకుని అబ్బాయిలతో తలపడటమేమిటని చుట్టాలు, ఇరుగుపొరుగు గొణిగారు. ముఖం మీద దెబ్బలు చూసి, రేపు పెళ్ళెలా అవుతుందని తల్లి బెంగపడింది. ఇంట్లోవాళ్ళు మాత్రం వెనక్కి లాగలేదు.

2009లో పదమూడేళ్ళ వయసులో ఆమె విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రంలో చేరి కోచ్ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో ప్రపంచ జూనియర్ స్వర్ణం గెలిచింది. 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమైంది. తిరిగి వచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యు చేతిలో ఓడి పతకం లేకుండా తిరిగొచ్చింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఆమెను డీఎస్పీగా నియమించింది.

ఈ కథలో పట్టుదల అడుగడుగునా కనబడుతుంది. దాని పక్కనే మరో వరస ఉంది: ఆట తెలిసిన తండ్రి, సొంత ఊళ్ళోనే కోచ్, పదమూడో ఏట సర్కారు శిక్షణ కేంద్రం, గాయమైతే కోలుకునేదాకా ఆగగలిగే వెసులుబాటు, చివర్లో ఉద్యోగం. ఇందులో ఏ ఒక్కటి తెగిపోయినా నిఖత్ పేరు మనకు తెలిసేది కాదు.

ఆమె కథలో విద్యార్థులు ప్రత్యేకంగా చదవాల్సిన ఘట్టం 2019లో జరిగింది. మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే ఒలింపిక్ అర్హత పోటీలకు పంపుతారన్న మాట వచ్చినప్పుడు, ఇరవై మూడేళ్ళ నిఖత్ తనకు న్యాయమైన ట్రయల్ కావాలని కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాసింది. చాలామంది తప్పుబట్టారు. డిసెంబర్‌లో ట్రయల్ జరిగింది, నిఖత్ 9-1 తేడాతో ఓడింది. అయినా ఆమె అడిగింది గెలుపును కాదు. పేరును బట్టి కాకుండా నియమాన్ని బట్టి ఎంపిక చేయమంది. రిజర్వేషన్ల కోసం, రోస్టర్ పాయింట్ల కోసం కొట్లాడుతున్న మనకు ఈ తేడా ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ముట్టుకునే ఆట

బాక్సింగ్‌ను దళిత పిల్లల దృష్టితో చూస్తే ఇంకో విషయం తడుతుంది. ఇది ముట్టుకోక తప్పని ఆట. క్రికెట్‌లో పదకొండు మంది దూరదూరంగా నిలబడి ఆడవచ్చు. అంటరాని బౌలర్ వేసిన బంతితో వికెట్లు తీసుకుని, టీ విరామంలో అతణ్ని పక్కన కూర్చోబెట్టవచ్చు. పల్వంకర్ బాలూకు జరిగింది అదే. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసిన ఆ చమార్ కులస్థుడికి పూణేలో పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఎన్నడూ దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది.

బాక్సింగ్‌లో ఆ దూరం కుదరదు. చిన్న జిమ్‌లలో ఒకే హెడ్‌గార్డ్ నలుగురి తలల మీదికి మారుతుంది. ఒకరి చెమట ఇంకొకరి గ్లవ్స్‌లో ఇంకుతుంది. చేతులకు పట్టీలు ఒకరికొకరు చుట్టుకుంటారు. ముట్టుకుంటే మైలపడే సమాజంలో పెరిగిన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

అలాగని రింగ్‌లో కులం కరిగిపోతుందని నమ్మితే మోసపోతాం. తాళ్ళు దాటి బయటికొస్తే ఎంపిక కమిటీ ఉంటుంది, అసోసియేషన్ ఉంటుంది, పోటీకి వెళ్ళడానికి రైలు ఖర్చులుంటాయి. 'మీవాళ్ళకు ఒళ్ళు గట్టిది' అనే మెచ్చుకోలూ ఉంటుంది. మన శరీరాన్ని పొగిడి మెదడును పక్కన పెట్టే పాత అలవాటే అది. జాగ్రత్తగా చూస్తే బాక్సింగ్‌లో గెలిపించేది తలకాయే. దూరాన్ని లెక్కగట్టడం, ఎదుటివాడి తర్వాతి కదలికను పసిగట్టడం, అలసిపోయినా తొందరపడకపోవడం, ఇవన్నీ బుర్రతో చేసే పనులు.

కామవరపుకోట నుంచి చూస్తే

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. కామవరపుకోట మండలం పేరు చెబితే బయటివాళ్ళకు జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి బౌద్ధ గుహలు గుర్తొస్తాయి. అక్కడివాళ్ళకు గుర్తొచ్చేది పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలి, పొగాకు సీజన్‌లో బ్యారన్ల దగ్గర పని. అలాంటి ఇంటి నుంచి పదహారేళ్ళ అబ్బాయి ఇంటర్ చదవడానికి ఏలూరు వచ్చి హాస్టల్లో చేరాడనుకుందాం. చుట్టూ తెలియని నగరం, అర్థంకాని ఇంగ్లీషు పాఠాలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రి క్యాటరింగ్ పనికి వెళ్తే చేతిలో నాలుగు డబ్బులు పడతాయి, తెల్లారి క్లాసులో నిద్ర ముంచుకొస్తుంది. ఇంకొన్నాళ్ళకు కాలేజీ మీద ఆసక్తి పోతుంది.

ఈ అబ్బాయికి బాక్సింగ్ పనికొస్తుందా? రావచ్చు. సాయంత్రం ఫలానా వేళకు తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్న భావన, నిన్న రానిది ఇవాళ వచ్చిందన్న తృప్తి ఆ వయసులో చాలా పెద్దవి. కానీ అతను రాత్రి క్యాటరింగ్ పని మానాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? పోషకాహారం మెస్ చార్జీల్లో ఇముడుతుందా? గ్లవ్స్, పళ్ళకు గార్డ్, బూట్లు ఎవరు కొంటారు?

ఖేలో ఇండియా కింద ఎంపికైన క్రీడాకారుడికి ఏడాదికి 6.28 లక్షల రూపాయల సహాయం ఉంది, అందులో 1.20 లక్షలు చేతి ఖర్చులకు. మంచిదే. కానీ అది ప్రతిభ రుజువయ్యాక వచ్చేది. రాష్ట్ర ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో 3 శాతానికి పెంచుతామన్న ఉద్యోగాల క్రీడా కోటా కూడా పతకాలు తెచ్చాక ఉపయోగపడేదే. ప్రతిభ ఉందో లేదో తెలియడానికి పట్టే మొదటి రెండేళ్ళను ఎవరూ మోయడం లేదు. ఉన్నవాళ్ళ పిల్లలకు ఆ రెండేళ్ళు తల్లిదండ్రులు మోస్తారు. మన పిల్లలు జారిపోయేది సరిగ్గా ఆ రెండేళ్ళలోనే.

ఆ రెండేళ్ళను ప్రభుత్వ సంస్థ మోస్తే ఏమవుతుందో మనకు తెలుసు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా లంబాడా కూలీల బిడ్డ. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత కుటుంబం నుంచి వచ్చాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించి, తిండి, బట్ట, ప్రయాణం అన్నీ సంస్థే చూసుకుంది. మారుమూల పల్లెల పిల్లలు పదమూడు, పదహారేళ్ళకే ప్రపంచ శిఖరాన్ని చేరారు. ఆ ఇద్దరి ధైర్యం ఎంత గొప్పదో, దాని వెనుక నడిచిన ఏర్పాటు అంత అవసరమైనది.

ఏం అడగాలి?

2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం జనాభా నిష్పత్తి ప్రకారం నిధులు కేటాయించి, అవి ఆ వర్గాలకు నేరుగా మేలు చేసే పనులకే వాడాలంటుంది. మన జిల్లాలో ఆ నిధుల్లో ఒక్క రూపాయైనా గురుకులాల, హాస్టళ్ళ పిల్లల ఆటలకు వెళ్తోందా? సమాచార హక్కు కింద ఏ విద్యార్థి సంఘమైనా ఈ దరఖాస్తు పెట్టవచ్చు. దానితోపాటు మరికొన్ని అడగాలి. ఎన్ని గురుకులాల్లో పీఈటీ పోస్టు భర్తీ అయింది? శిక్షణ పొందే పిల్లలకు మెస్‌లో అదనపు ఆహారం ఉందా? ఏలూరు స్టేడియంలో కోచ్‌లు ఎందరు, హాస్టల్ పిల్లలకు అక్కడ వేళ కేటాయించారా? పోటీలకు వెళ్తే హాజరు ఇస్తున్నారా?

బాక్సింగ్ విషయంలో ఇంకొకటి తప్పకుండా అడగాలి. తలకు తగిలే దెబ్బలు మెదడును దెబ్బతీస్తాయి. ఆ నష్టం వెంటనే కనబడకపోవచ్చు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ని డాక్టర్ చూసేదాకా మళ్ళీ స్పారింగ్‌కు దించకూడదన్న నియమం, బీమా లేని చోట ఈ ఆటను మన పిల్లలకు అంటగట్టడం తప్పు. పేదవాడి ఒంటిని పణంగా పెట్టి పతకాలు లెక్కపెట్టుకునే సరదా ఎవరికైనా ఉండవచ్చు, మనకు అక్కర్లేదు.

చివరిగా, చేరిన వందమందిలో తొంభై మందికి పైగా ఏ పతకమూ తేరు. వాళ్ళకూ ఆ రెండేళ్ళు దక్కాలి. వేళకు తిండి, వేళకు నిద్ర, పేరు పెట్టి పిలిచే కోచ్, చదువు మానేయకుండా పట్టుకునే ఒక కారణం. ఛాంపియన్ల కోసమే అడిగితే ప్రభుత్వం ఒకరిద్దరికి సన్మానం చేసి శాలువా కప్పి ఊరుకుంటుంది. ఓడిపోయే పిల్లల కోసం కూడా అడిగినప్పుడే అది హక్కు అవుతుంది.