డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు



ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు పోవు బాటలో, దెందులూరు దాటినపిమ్మట, గుండుగొలను గ్రామము కలదు. దానికి దక్షిణముగా పోయినచో కొల్లేటి పల్లములు. 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఆ గ్రామమున జనించిన ఒక బీదపిల్లవాడు వైద్యుడై, వైద్యమును విడిచి, కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యెను. చేతికందిన వృత్తిని ఆయన ఏల విడిచెను? నేడు నేను విన్నవింపదలచినది ముఖ్యముగా ఆ సంగతియే.

బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి బిడ్డల చదువుకొరకు ఏలూరు చేరెను. పట్టాభిగారు పిదప బందరు నోబులు కళాశాలలోను, చెన్నపట్టణము క్రైస్తవ కళాశాలలోను చదివి, అచ్చటి వైద్యకళాశాలలో ఎం.బి.సి.ఎం. పట్టము పొందిరి. బందరున వైద్యవృత్తి నవలంబించి, 1916లో దానిని మానిరి.

మన ఆయుర్వేదమున చికిత్సకు ముందు నిదానము చెప్పబడినది. రోగహేతువును తొలగించుటయే మొదటి చికిత్స. జ్వరపడిన రైతునకు మందీయవచ్చును. వాని యింట పథ్యమునకు బియ్యమే లేనిచో ఆ మందేమి చేయును? పట్టాభిగారు చేసిన పనుల వరుసను చూచినచో నాకు ఈ నిదానదృష్టియే కనబడుచున్నది.

వృత్తి విడుచుటకు ముందే, 1915లో, వారు కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును స్థాపించిరి. రైతునకు రూకలు కావలసినది ఆకుమడి పోయునప్పుడును, నాట్లప్పుడును. చేతికి వచ్చునది మాసూళ్లయిన పిమ్మట. ఈ నడిమి నెలలే షావుకారునకు పంట! గింజలు కళ్లము దాటకమునుపే బాకీక్రింద చెల్లిపోవును. రైతులు పదిమంది సంఘముగా చేరి ఒకరికొకరు పూచీపడినచో, కేంద్ర బ్యాంకు ఆ సంఘమునకు తక్కువ వడ్డీకి అప్పిచ్చును. సంఘము తన సభ్యులకిచ్చును. ఒక్కనికి లేని పరపతి పదుగురికి కలుగును. మన యూళ్లలో సొసైటీ యనునది ఇదియే. 1923లో లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో బందరున ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసి, పేరు మాసిపోయినది. పెద్దబ్యాంకులు మేలని చెప్పువారున్నారు; అయినను ఆ పేరు పోవుట నాకు కష్టముగానే యున్నది.

రాజకీయములలో వారి చరిత్ర మీరెరిగినదే. 1930లో ఉప్పు సత్యాగ్రహము చేసి చెరసాల కేగిరి. 1935లో కాంగ్రెసు చరిత్రను ఆంగ్లమున రచించిరి. 1939లో అధ్యక్షపదవికి సుభాస్ చంద్రబోసుగారితో పోటీపడి, 1580 వోట్లకు 1377 వోట్లతో ఓడిరి. 1942లో అరెస్టయి అహమ్మదునగరు కోటలో నిర్బంధింపబడిరి. 1948లో పురుషోత్తమదాసు టాండనుగారిని ఓడించి అధ్యక్షులైరి.

అప్పుడే వారికి కఠినపరీక్ష వచ్చినది. ఆంధ్రరాష్ట్రము కావలెనని యౌవనమునుండియు వాదించినవారు పట్టాభిగారు. భాషారాష్ట్రముల విషయమును విచారించుటకు కాంగ్రెసు నియమించిన సంఘమున నెహ్రూ, వల్లభభాయి గారలతో తామును కూర్చుండవలసివచ్చెను. 1949లో వెలువడిన నివేదిక భాషారాష్ట్రములను ప్రస్తుతమునకు వాయిదా వేయుమనెను. ఆంధ్రులుమాత్రము మద్రాసు నగరముపై హక్కు విడిచినచో వారి కోరికను ఆలోచింపవచ్చుననెను. ఆంధ్రులలో పలువురికి ఇది మింగుడుపడలేదు. నగరము దక్కదని గ్రహించి, దక్కుదానినైనను నిలుపుకొనదలచిరేమో యని నా భావము. తమవారి కోపమును భరించియే చేవ్రాలు చేసిరి.

1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మద్రాసు అందులో చేరలేదు. ఆనాడు పట్టాభిగారు మధ్యప్రదేశమునకు గవర్నరుగా నుండిరి. 1957లో ఆ పదవి ముగిసెను. 1959 డిసెంబరు 17వ తేదీన వారు స్వర్గస్థులైరి.