నలభై ఆరేళ్లకు గేరు బండి, శ్రీశైలం దాకా

నలభై ఆరో ఏట మోటార్‌సైకిల్ కొన్నానంటే మా బ్రాంచిలో ఎవరూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా వాళ్లు నన్ను గేర్లు లేని స్కూటర్ మీదే చూశారు మరి. ఇంట్లో మాత్రం నమ్మారు. నమ్మి, అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ప్రొబేషన్‌లో ఉన్న రోజుల్లో మా బాబాయి రాత్రిపూట హైవే మీద, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని బండితో గుద్దుకుని పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో బండి మీద దూరప్రయాణం అనే మాట ఎవరూ ఎత్తరు.

నేను వెళ్లాలనుకున్నది హైదరాబాద్ నుంచి శ్రీశైలం. వెళ్లడానికి సుమారు 215 కిలోమీటర్లు, రావడానికి అంతే. అలవాటైనవాళ్లకు ఇది పెద్ద దూరం కాదు. కొత్తగా బండెక్కినవాడికి మాత్రం హైవే, అడవి, ఘాట్ రోడ్డు మూడూ ఒకే రోజులో పెట్టే పరీక్ష. అందుకే ప్రయాణానికంటే దానికి ముందు గడిచిన రెండు నెలల గురించే ఎక్కువ రాస్తున్నాను. మన ఇళ్లలో కొత్తగా బండి చేతికొచ్చిన పిల్లలు ఉన్నారు, నాలాంటి ఆలస్యపు విద్యార్థులూ ఉన్నారు.

మొదట కాగితాలు. నా లైసెన్స్ తీసి చూస్తే అందులో ఉన్నది గేర్ లేని మోటార్‌సైకిల్ మాత్రమే. గేరు బండికి వేరే అనుమతి కావాలి. లెర్నర్స్ తీసుకుని, నెల ఆగి, పరీక్షకు వెళ్లాను. మా అమ్మాయి వయసు పిల్లల మధ్య వరుసలో నిలబడటం కొంచెం సిగ్గనిపించిన మాట నిజం. తరువాత బీమా. కొత్త ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు వస్తుంది. మన బండికి జరిగే నష్టానికి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఏడాదికే ఉంటుంది. పైన ఐదేళ్ల తేదీ చూసి చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. సొంతదారుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో కూడా అందులోనే చూసుకోవాలి. రోజూ కౌంటర్ దగ్గర బీమా గురించి చెప్పే మనమే మన బండి పాలసీ చదవం!

అసలు చదువు మొదలైంది మా బ్రాంచి గార్డు దగ్గర. ఆయన మాజీ సైనికుడు. సైన్యంలో డిస్పాచ్ రైడర్‌గా పనిచేశారు. అందరం హవల్దార్ గారనే పిలుస్తాం. "సార్, నడపడం మీకు వచ్చు. ఆపడం వచ్చో లేదో చూద్దాం" అని ఒక ఆదివారం పొద్దున్నే ఊరి చివర ఇళ్లు లేవని లేఅవుట్‌కు తీసుకెళ్లారు. రోడ్డు మీద నీళ్ల సీసా పెట్టి, 40 వేగంతో వచ్చి, తాను చెయ్యి ఎత్తగానే సీసాకు ముందే ఆగమన్నారు.

చెయ్యి ఎత్తారు. నేను రెండు చేతుల లివర్లూ గట్టిగా పట్టేశాను. బండి సీసాను తన్ని, రోడ్డు దిగి, తుమ్మ పొదలో ఆగింది.

సంగతేమిటంటే, స్కూటర్‌కు ఎడమ చేతి లివర్ వెనక బ్రేకు. గేరు బండికి అదే చోట క్లచ్ ఉంటుంది. వెనక బ్రేకు కుడి కాలి కింద ఉంటుంది. ఇరవై ఏళ్ల అలవాటు కంగారులో ముందుకొచ్చింది. క్లచ్ నొక్కితే ఇంజిన్ పట్టు వదిలేసి బండి జారుతూ పోతుందే కానీ ఆగదు. కాలు అసలు కదలనే లేదు. ముందు బ్రేకు ఒక్కటే పనిచేసింది, అదీ ఆలస్యంగా. స్కూటర్ నుంచి మోటార్‌సైకిల్‌కు మారే ప్రతివారికీ ఈ ఒక్క పేరా చదివి వినిపించాలని నా కోరిక. ఇది మెదడుకు తెలిస్తే చాలదు, కుడి కాలికి తెలియాలి.

ఆ తరువాత ప్రతి ఆదివారం యాభైసార్లు ఆగడం ప్రాక్టీసు చేశాను. ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకుండా, పిండుతున్నట్టు క్రమంగా బిగించాలి. బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే. వెనక బ్రేకు తోడు మాత్రమే. నా బండిలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంది, అంటే వెనకది గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. హవల్దార్ గారు నేల మీద లెక్క గీసి చూపించారు. 60 వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. ప్రమాదం కనిపించి చెయ్యి కదిలేలోపే అంత దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. చక్రవడ్డీ కంటే వేగంగా పెరిగే లెక్కన్నమాట.

హెల్మెట్‌కు మాత్రం బేరమాడలేదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది, ముఖమంతా కప్పేది, బుగ్గలను కాస్త నొక్కేంత బిగువుగా ఉన్నది కొన్నాను. తల ఊపితే హెల్మెట్ వదులుగా తిరగకూడదు. చేతి తొడుగులు, చీలమండ దాకా వచ్చే బూట్లు, మందపు జాకెట్. టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. చైను వదులు ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.

దూరం కొద్దికొద్దిగా పెంచాను. మొదట చేవెళ్ల, తరువాత శ్రీశైలం దారిలోనే దిండి దాకా వెళ్లి వెనక్కి. దిండి నుంచి వచ్చాక వేళ్లు ముడుచుకోలేదు. హ్యాండిల్‌ను భయంతో పిసికేస్తున్నానని అప్పుడు తెలిసింది. గంటకోసారి దిగి నడవడం, దాహం వేయకముందే నీళ్లు తాగడం అక్కడే అలవాటయ్యాయి. ఎదురుగాలిలో చెమట ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గిన సంగతి తెలియదు. అమ్మాయి వెనక కూర్చుంటానని పట్టుబట్టింది. ఒప్పుకోలేదు. వెనక మనిషి ఉంటే బండి ఆగే తీరు, తిరిగే తీరు రెండూ మారిపోతాయి. తనకు కోపం ఇంకా పోలేదు.

ఇక పథకం. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి తుక్కుగూడ, కడ్తాల్ మీదుగా వెళ్లాలి. మన్ననూర్ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారి మూసేస్తారు. ఆ గేటు కంటే గట్టి గేటు మా అమ్మ పెట్టింది: చీకటి పడ్డాక బండి రోడ్డు మీద ఉండకూడదు. ఆగుతూ వెళ్తే ఆరు గంటల ప్రయాణం. కార్తీకంలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే తిరుగు ప్రయాణంలో ఉదయం 11.30 దాటితే బయల్దేరకూడదు. ఈ సమయాన్ని కాగితం మీద రాసి మా ఆవిడ చేతికిచ్చాను. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు కాబట్టి మన్ననూర్ మెసేజ్ తరువాత రెండు గంటలు కంగారు పడొద్దని చెప్పాను. 108తో పాటు హైవే సహాయానికి 1033 నంబరు కూడా అదే కాగితం మీద రాశాను.

శుక్రవారం సాయంత్రం క్యాష్ తాళాలు రిజిస్టర్‌లో రాసి మరో అధికారికి అప్పగించాను. "రెండో శనివారం, ఆదివారమే కదండీ, సోమవారానికి వచ్చేస్తారుగా" అని మేనేజర్ గారు నవ్వారు.

శనివారం తెల్లవారాక బయల్దేరాను. అడవిలో ఒక మలుపు దాటగానే కోతుల గుంపు, అందులో ఒకటి ఎగిరి రోడ్డు మధ్యలోకి దూకింది. నేను ఆలోచించేలోపే కుడి చెయ్యి, కుడి కాలు పనిచేశాయి. ఎడమ చెయ్యి చివర్లో, బండి ఆగిపోయే ముందు క్లచ్ పట్టింది. ఆగాక కాళ్లు వణికాయి కానీ బండి నిటారుగానే ఉంది. డ్యామ్ వైపు దిగే హెయిర్‌పిన్ మలుపుల్లో రెండో గేరులోనే ఉన్నాను. పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లను చూశాను. ఇంజిన్ ఇచ్చే పట్టును వదులుకుని భారమంతా బ్రేకుల మీద వేయడం అది. వేగం మలుపుకు ముందే తగ్గించుకుని, చూపు మలుపు చివరన నిలిపితే బండి అటే తిరుగుతుంది.

ఆదివారం కార్తీకమాసపు రద్దీ. దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి ఒంటిగంట. ఎండ బాగుంది, ఒంట్లో ఓపికా ఉంది. కాస్త వేగంగా పోతే ఏడింటికల్లా ఇంట్లో ఉంటానని మనసు లెక్కలు వేసింది. సోమవారం ఆడిటర్ వస్తాడని కూడా గుర్తొచ్చింది. పావుగంట బండి పక్కనే నిలబడ్డాను. తరువాత సత్రంలో గదిని ఇంకో రోజుకు పొడిగించుకుని, సగం రోజు సెలవుకు మేనేజర్ గారికి చెప్పి, అమ్మకు ఫోన్ చేశాను.

"ఇవాళ రావడం లేదమ్మా. రేపు పొద్దున బయల్దేరతాను."

"చీకటి పడుతుందనా?"

"అవునమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. "సరే నాన్నా. తిన్నావా?" అంది.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు బ్రాంచి ముందు బండి ఆపాను. క్యాష్ పదింటికే తెరిచారు. హవల్దార్ గారు నన్ను కాదు, ముందు బండి చుట్టూ తిరిగి చూశారు. కిందికి వంగి, "చైను ఎండిపోయింది సార్, ఇంటికెళ్లగానే నూనె పెట్టండి" అన్నారు.