బారిటోన్ హార్ను కొనువారికి

గత వేసవి సెలవులలో మన విద్యార్థి తండ్రియొకరు పాత ఇత్తడి వాద్యము నొకదానిని గోనెసంచిలో చుట్టి మా యింటికి తెచ్చిరి. "మాష్టరుగారూ, పిల్లవాడు బారిటోన్ నేర్చుకొందునని పట్టుబట్టుచున్నాడు. అమ్మువాడు రేపటివరకే గడువిచ్చినాడు. దీనిని కొనవచ్చునా?" అని యడిగిరి. ఆ రూపాయలు ఎంత కష్టముమీద కూడబెట్టినవో నేనెరుగుదును. ఆనాడు వారితో గంటసేపు కూర్చుండి చూచిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాను. మరియొకరికి పనికి రావచ్చును.

ముందుగా పేరు విషయము. బారిటోన్ హార్ను 1840 దశకములో పారిసు నగరమున అడాల్ఫ్ సాక్స్ తీర్చిదిద్దిన సాక్స్‌హార్నుల వంశములోనిది. దీని చుట్టలు విప్పి చాచినచో గొట్టము సుమారు 9 అడుగులుండును. యూఫోనియమునకును టెనర్ ట్రోంబోనునకును అంతే పొడవు; కావున మూడును బి-ఫ్లాట్ వాద్యములే. యూఫోనియముతో భేదమంతయు గొట్టపు లావులోనున్నది. యూఫోనియపు గొట్టము మొదటినుండి క్రమముగా వెడల్పగుచు పోవుటచే నాదము నిండుగా, మెత్తగా వచ్చును. బారిటోన్ గొట్టము సన్నము. చాలదూరము ఒకే లావున సాగును. నాదము తేలికగను స్పష్టముగను ఉండును. ఇంగ్లీషు పద్ధతి బ్రాస్ బ్యాండులో ఇవి రెండును, అవి రెండును వేరువేరుగా కూర్చుండును. అమెరికాలోనైతే యూఫోనియమును పోలిన లావు వాద్యములను సైతము బారిటోనులనుట వాడుక. కాబట్టి ప్రకటనలోని పేరు చూచి డబ్బు పంపరాదు, బొమ్మయైనను చూడవలెను.

కార్నెట్ వాయించుచున్న బాలునికి బారిటోన్ సులభము. ట్రెబుల్ క్లెఫ్‌లో వ్రాసిన స్వరములకు వ్రేళ్లు అవియే. నాదము మాత్రము కార్నెట్‌కంటె ఒక స్థాయి క్రిందుగా వినబడును. యూఫోనియముకంటె బరువు తక్కువ, ఊపిరియు తక్కువ పట్టును. అయితే దీనికై ప్రత్యేకముగా వ్రాసిన ఏకవాద్య రచనలు కొద్దియే. నలుగురిలో చేరి వాయించుటయందు ఆనందము గలవాడే దీనిని కోరవలెను.

ఇక శ్రుతి. నేను శిక్షణ కళాశాలలో చదువుచున్న దినములలో ఒక పాతసామానుల అంగడిలో ఇంగ్లండునందు చేసిన బారిటోన్ నొకదానిని చూచి, దాని వెండిపూతకు మురిసి, రెండు నెలల భోజనపు సొమ్మిచ్చి కొంటిని. ఆదివారమున హార్మోనియముతో కలిపి వాయింపగా ప్రతి స్వరమును పైకి పోయెను. నా పెదవులదే లోపమనుకొని ఆరు వారములు సాధన చేసితిని! లోపము నాది కాదు. ఇంగ్లండులోని బ్రాస్ బ్యాండులు 1960 దశకము నడుమవరకు "హై పిచ్" అను ఎత్తు శ్రుతినే వాడుచుండెను. అందు ఏ-స్వరమునకు సెకనుకు సుమారు 452 కంపనములు. నేటి శ్రుతికి 440. ఈ యంతరము అర్ధస్వరములో సుమారు సగము. దీనిని దించవలెనన్న 9 అడుగుల గొట్టమునకు మూడు అంగుళములు చేర్చవలెను. పెద్ద స్లైడునకు రెండు కాళ్లుండును గనుక అంగుళమున్నర లాగిన చాలును. కాని వాల్వుల స్లైడులనుగూడ ఆ నిష్పత్తిలో కొంచెము లాగనిదే తక్కిన స్వరములు కుదురవు. కొన్ని వాద్యములలో స్లైడు అంత పొడవుండదు. కావున పాతదానిని చూడబోవునపుడు శ్రుతి చూపు సాధనమును వెంట తీసికొని పోవలెను. నేడది చేతిఫోనులోనే దొరకును.

వాల్వులను గూర్చి కొంత లెక్క చెప్పక తప్పదు. రెండవ వాల్వు ఒక అర్ధస్వరమును, మొదటిది రెండింటిని, మూడవది మూడింటిని దించును. 108 అంగుళముల గొట్టమునకు వరుసగా సుమారు 6.4, 13.2, 20.4 అంగుళములు చేర్చిన సరిపోవును. మూడును కలిపి నొక్కినచో చేరునది 40 అంగుళములు. కాని ఆరు అర్ధస్వరములు దిగుటకు దాదాపు 44.7 అంగుళములు కావలెను. నాలుగున్నర అంగుళముల కొరత! అందుచేతనే ఆ క్రింది స్వరము ఎత్తుగా పలుకును. దీనికై 1874లో బ్లైక్లీ అను ఇంగ్లీషువాడు ఉపాయము కనిపెట్టెను. మూడవ వాల్వు నొక్కినపుడు గాలి మరల వెనుకకు వచ్చి, మొదటి రెండు వాల్వులకు అమర్చిన చిన్న గొట్టములలో దూరి లోటు తీర్చుకొనును. దీనిని కాంపెన్సేటింగ్ పద్ధతి యందురు. ఇది ఖరీదైనది, బరువైనది. బడిపిల్లవానికి అవసరము లేదని నా యభిప్రాయము. ఆ స్వరము అరుదుగా వచ్చును, మూడవ స్లైడును కొంచెము లాగి సర్దుకొనవచ్చును.

వాద్యము చేతికి వచ్చినపుడు వాల్వు నొక్కకయే దాని స్లైడును కొంతలాగి, కొన్ని సెకనులు ఆగి, పిమ్మట నొక్కవలెను. "టప్" మని శబ్దము వచ్చిన గాలి నిలుచుచున్నది. శబ్దమే లేనిచో పిస్టను అరిగియుండవచ్చును. అది గొప్ప ఖర్చు. మౌత్‌పీసు దూర్చు గొట్టముమీద గులాబిరంగు చుక్కలున్నచో ఇత్తడిలోని జింకు హరించిపోవుచున్నదని గ్రహించి విడిచిపెట్టుడు. గంటమీది సొట్టలు చూపునకే వికారము, నాదమునకు అంత హాని లేదు. మొదటి సన్నగొట్టములోని చిన్నసొట్ట మాత్రము స్వరమును చెరచును. మౌత్‌పీసు కాడ కొలతయు చూడవలెను. బారిటోనునకు సాధారణముగా సన్నకాడ సరిపడును. యూఫోనియపు లావుకాడ దూరదు.

క్రొత్తది కోరువారికి విదేశపు వాద్యములు మంచివేగాని ధర మన యిండ్లకు మించినది. మన దేశమున బ్యాండు వాద్యములకు మీరట్ నగరపు జలీ కోఠీ పేటయే పేరుగాంచినది. పెండ్లి ఊరేగింపుల బ్యాండులకు కావలసిన సామగ్రి అచ్చట తయారగును. చేతిపని గనుక ఒకే వరుసలోని రెండు వాద్యములు ఒక్కతీరున నుండకపోవచ్చును. వాయించి చూచియే కొనవలెను. తెప్పించుకొనునపుడు మరల పంపుటకు ఒప్పందము ముందే వ్రాయించుకొనవలెను.

గోనెసంచిలోని వాద్యము శ్రుతి 440కి సరిగా నిలిచినది. మొదటి వాల్వును మూడవదియు చక్కగా శబ్దమిచ్చెను. రెండవ స్లైడు మాత్రము తుప్పుపట్టి కదలలేదు. ఆ స్లైడును లాగవలసిన పని అంతగా రాదు గనుక భయము లేదంటిని. అయినను ఆ సంగతి చూపి బేరము తగ్గించుకొమ్మంటిని. తండ్రిగారు అడిగినదానికంటె నాల్గవవంతు తగ్గించి కొనిరి. పిల్లవాడు మన బ్యాండులో రెండవ బారిటోన్ వాయించుచున్నాడు. ఆ స్లైడు నేటికిని కదలలేదు.