జాబితాలో పేరు లేనప్పుడు

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ జాబితాలో పిల్ల పేరు లేదని తెలిసిన పూట ఇంట్లో వంటైనా సాగదు. పైగా "ఎదురింటి గుంటకి మార్కులు తక్కువే కదా, ఎలా వచ్చిందమ్మా?" అని వీధిలో ఆరాలు. అవి పిల్ల చెవిన పడతాయి, అదీ బాధ.

అక్కడ సీటుకి ఆధారం పదో తరగతి మార్కులు. ప్రభుత్వ బడిలో రోజూ ఇంటినుంచి వెళ్ళి చదివిన పిల్లలకు వాటికి కొంత కలుపుతారు. రిజర్వేషన్లూ ఉన్నాయి. ఎదురింటి పిల్ల మన సీటేమీ లాక్కోలేదండీ.

ఇక కాలం వృథా అయిందన్న దిగులంటారా? వేళ్ళమీద లెక్కపెట్టండి. 2016లో మొదలైన ఎచ్చెర్ల ప్రాంగణంలో చదువు ఆరేళ్ళు. ఇంటరు రెండేళ్ళు, ఇంజనీరింగు నాలుగు. పాలిటెక్నిక్ మూడేళ్ళు చదివి, ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏట చేరితే ఇంకో మూడు. ఎటు కూడినా ఆరే! పాలిసెట్ దరఖాస్తు మాత్రం ట్రిపుల్ ఐటీ జాబితా దాకా ఆగదు, ముందే పెట్టించండి.

మొదటి రెండ్రోజులూ ఈ లెక్కలేవీ పిల్లకి చెప్పకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. చుట్టాలకు జవాబు మీరే చెప్పండి. రోజులు గడిచినా తిండీ నిద్రా లేక, పలకకుండా ఉంటే డాక్టరుకి చూపించండి. టెలిమానస్ వారి 14416కి ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.