టైరులోని గాలి, ఊరిలోని ఋతువులు

మోటారు కారు రోడ్డును ఎంత మేర తాకుతున్నది? దీనిని తెలుసుకొనుటకు కొలబద్ద అక్కరలేదు. చిన్న భాగహారము చాలు. మనుషులతో, సామానుతో కలిపి 1200 కిలోగ్రాములు తూగే కారును తీసుకొందాము. ఒక్కొక్క చక్రము మీద పడే బరువు 300 కిలోగ్రాములు, అనగా సుమారు 660 పౌండ్లు. టైరులోని గాలి పీడనము చదరపు అంగుళమునకు 33 పౌండ్లు అనుకొందాము. 660ని 33తో భాగిస్తే 20 చదరపు అంగుళములు వస్తుంది. ఒక పోస్టుకార్డు వైశాల్యము ఇంచుమించు ఇంతే. టైరు గోడల బిగువు కూడ కొంత బరువును మోస్తుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్క. అయినా అసలు విషయము దీనిలో కనబడుతున్నది. కారును ముఖ్యముగా మోస్తున్నది రబ్బరు కాదు, గాలి. నాలుగు పోస్టుకార్డులంత చోటును పట్టుకొని అది మలుపు తిరుగుతున్నది, బ్రేకు వేస్తే ఆగుతున్నది.

ఆ గాలి ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. మన జంటనగరములలో 1966 జూన్ 2న 45.5 సెంటిగ్రేడు డిగ్రీల ఎండ, 1946 జనవరి 8న 6.1 డిగ్రీల చలి నమోదైనవి. ఇవి అరుదైన కొసలు. మామూలు సంవత్సరములలో చూచినా, సికిందరాబాదులో మే నెల తెల్లవారేసరికి 28, 30 డిగ్రీలు ఉంటే, డిసెంబరులో అదే వేళకు 15 డిగ్రీలకు దిగుతుంది.

ఘనపరిమాణము మారనప్పుడు వాయువు పీడనము దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతములో ఉంటుందని విద్యార్థులు చదువుకొనే ఉంటారు. ఈ సూత్రమును టైరుకు వర్తింపజేసేటప్పుడు చాలామంది కాలు జారే మెట్టు ఒకటి ఉన్నది. గేజి చూపేది బయటి గాలి కంటె లోపలి గాలి పీడనము ఎంత ఎక్కువో అంత మాత్రమే. దానికి వాతావరణ పీడనమును కలిపితేనే సూత్రము పనిచేస్తుంది. సముద్రమట్టము వద్ద అది 14.7 పౌండ్లు, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న సికిందరాబాదులో సుమారు 14. కనుక గేజి 33 చూపుతున్నప్పుడు లోపలి అసలు పీడనము 47.

మే నెల ఉదయము 30 డిగ్రీల వద్ద, అనగా 303 కెల్విన్‌ల వద్ద, గాలి పట్టించి మళ్ళీ దాని ముఖము చూడలేదనుకొందాము. డిసెంబరులో ఉష్ణోగ్రత 288 కెల్విన్‌లకు దిగుతుంది. 47 × 288 ÷ 303 = 44.7. ఇందులో 14 తీసివేస్తే గేజి మీద మిగిలేది 30.7. ఎక్కడా చిల్లి లేకుండనే రెండు పౌండ్లకు పైగా తగ్గినది. ఇది చాలదన్నట్లు, రబ్బరు గుండా గాలి నెలకు ఒక పౌండు చొప్పున, ఒక్కొక్కప్పుడు రెండేసి చొప్పున, మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. ఏడు నెలలు గడిచేసరికి 33కు బదులు 23, 24 మాత్రమే ఉండవచ్చు. ఇప్పటి టైర్లు ఆ మాత్రము తగ్గుదలను కంటికి కనబడనీయవు. కాలితో తన్ని చూస్తే అసలే తెలియదు.

అయితే అంతకంటె ప్రమాదకరమైన పొరపాటు వేసవిలో జరుగుతున్నది. దానిని చాలామంది జాగ్రత్త అనుకొని చేస్తున్నారు. మే నెల మధ్యాహ్నము ఒకరు కుటుంబముతో బోయినపల్లి మీదుగా నిజామాబాదు బయలుదేరి, మేడ్చల్ దాటిన తరువాత పెట్రోలు బంకులో ఆగుతారు. అప్పటికి టైరు లోపలి గాలి 65 డిగ్రీల దాక వేడెక్కి ఉంటుంది. ఉదయము 33 ఉన్న గేజి ఇప్పుడు 38 చూపుతుంది. “ఎండాకాలం సార్, గాలి ఎక్కువైంది, తీసేద్దాం” అంటాడు బంకు కుర్రవాడు. సారు తల ఊపుతారు. ఐదు పౌండ్లు బుస్సుమని పోతాయి. మరునాడు తెల్లవారి టైరు చల్లబడిన తరువాత చూస్తే ఉన్నది 28.

కంపెనీవారు చెప్పే అంకె చల్లని టైరుకు సంబంధించినది. పరుగులో అది నాలుగైదు పౌండ్లు పెరుగుతుందని తెలిసే వారు దానిని నిర్ణయించినారు. కారు కనీసము మూడు గంటలు కదలకుండ ఉన్న తరువాత, పొద్దున్నే కొలిచినదే సరియైన కొలత. ఆ అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్క కమ్మీ మీద అతికించిన చీటీలో ఉంటుంది. టైరు గోడ మీద అచ్చైన 44, 51 వంటి అంకెలు దాటరాని హద్దులే గాని పట్టించవలసిన గాలి కాదు.

గాలి తగ్గిస్తే టైరు చల్లగా ఉంటుందా? ఉండదు, ఇంకా వేడెక్కుతుంది. సన్నని ఇనుప తీగను పదిసార్లు గబగబ అటూ ఇటూ వంచి, వంచిన చోట వేలు పెట్టి చూడండి. రబ్బరులో జరిగేది అచ్చముగా ఇదే కాకపోయినా, వంగినప్పుడు ఖర్చయిన శక్తిలో కొంత తిరిగి రాక వేడిగా మారుట రెండింటికీ సమానము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. టైరులోని ప్రతి భాగమూ సెకనుకు 15 మార్లు నలిగి నిలబడుతున్నదన్నమాట. గాలి తక్కువైతే ప్రతి నలుగుడూ లోతుగా ఉంటుంది. ఆ వేడికి లోపలి దారపు పొరలకు, ఉక్కు తీగలకు, రబ్బరుకు మధ్య పట్టు సడలుతుంది. పైకి ఏమీ తెలియదు. ఒక దినము వేగములో ఉండగా ఆ పొరలు విడిపోతాయి. పేలిన టైరును చూచినవారు ఎండను, గాలి ఎక్కువగుటను తిట్టుకొంటారు గాని, తాము వదలివేసిన గాలి గుర్తుకు రాదు.

2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. నిర్మాణ లోపములతో పాటు, ఆ కార్లకు సూచించిన 26 పౌండ్ల తక్కువ గాలి కూడ చర్చకు వచ్చినది. పట్టీలు ఊడిన సంఘటనలు ఎండలు మెండుగా ఉన్న దక్షిణ రాష్ట్రములలో ఎక్కువ. గాలి తగ్గితే హెచ్చరించే సాధనము కొత్త కార్లన్నింటికీ ఉండవలెనని అక్కడ చట్టము వచ్చినది దాని తరువాతనే.

వానాకాలములో టైరుకు మరొక పని పడుతుంది: నీటిని పక్కకు నెట్టుట. 2000 ఆగస్టు 24న ఒక్క దినములో జంటనగరములలో 24 సెంటీమీటర్ల వాన కురిసినది. అటువంటి దినమే కానక్కరలేదు. అరగంట జల్లుకే మన రోడ్ల పల్లములలో నీరు నిలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వెళ్ళే టైరు, తన పోస్టుకార్డు కింద ఉన్న నీటిని సెకనులో రెండువందలవ వంతు కాలములో ఖాళీ చేయవలె. చేయలేకపోతే రబ్బరు నీటిమీద తేలుతుంది; అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఒకటే. విమానముల చక్రములను పరిశీలించి, 1960 దశకములో అమెరికా నాసా ఇంజనీర్లు దీనికి ఒక ఉజ్జాయింపు సూత్రము చెప్పినారు. పీడనపు వర్గమూలమును 16.6తో గుణిస్తే, తేలుట మొదలయ్యే వేగము గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 33 పౌండ్లకు అది 95. 25 పౌండ్లకు 83. మేలో వదలిన గాలి ఆగస్టులో కూడ పగ తీర్చుకొంటుందన్నమాట.

ఈ లెక్క అరిగిన టైరుకు, నీరు నిండిన రోడ్డుకు చెల్లుతుంది. గాడులు లోతుగా ఉంటే నీరు వాటిలోనికి పోతుంది కనుక కొంత వెసులుబాటు ఉన్నది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మన మోటారు వాహనముల నియమము. గాడి అడుగున అడ్డముగా ఉండే చిన్న గట్లు పై రబ్బరుతో సమమైతే ఆ హద్దు వచ్చినట్లు. నా మట్టుకు, మూడు మిల్లీమీటర్లకు వచ్చిన టైరుతో మృగశిర కార్తెలో అడుగు పెట్టకుండుటే మేలనిపిస్తుంది. అగ్గిపుల్లను గాడిలో నిలిపి, గోటితో గుర్తు పట్టి, జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలవవచ్చును.

కొన్ని దుకాణములలో నత్రజని పట్టిస్తామని డబ్బు తీసుకొంటున్నారు. మామూలు గాలిలోనే అది 78 వంతులు ఉన్నది. వేడికి వ్యాకోచించుటలో రెండింటికీ చెప్పుకోదగిన భేదము లేదు. తేమ లేకుండుట, కొంచెము నెమ్మదిగా కారుట దాని లాభములు. నెలకొకసారి గేజి పెట్టే పని మాత్రము తప్పదు.

గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని అనుకొనరాదు. ఎండకు, గాలిలోని ఓజోనుకు రబ్బరు బిరుసెక్కి గోడలమీద సన్నని బీటలు వేస్తుంది. టైరు గోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారమున తయారైనదని అర్థము. పిల్లలను బడి ఆవరణలో నిలిచిన వాహనముల వద్దకు తీసుకొనిపోయి ఈ సంఖ్యలను చదివించవచ్చును.

అందరూ మరచేది అదనపు చక్రమును. దానిని మనము స్టెప్నీ అంటాము. 1904లో వేల్స్ దేశపు లానెల్లీ పట్టణములో, స్టెప్నీ వీధిలో, ఆకులు లేని అదనపు చక్రమును తయారుచేసి అమ్మినారు. పంక్చరైన చక్రమునకు దానిని బిగించేవారు. వీధి పేరు మన భాషలో ఉండిపోయినది. డిక్కీలో ఊరక ఉన్నా దాని గాలి కూడ నెలకు ఒక పౌండు చొప్పున పోతూనే ఉంటుంది కనుక, నాలుగింటితో పాటు ఐదవదానికి కూడ గేజి పెట్టవలె.