కొండపంటతో వ్యాపారం సరే, కొండపై హక్కు మాటేమిటి?

కడప జిల్లా కొండల్లో సీతాఫలం, ఉసిరి, కుంకుడు, నన్నారి గడ్డలు దొరుకుతాయి. వీటితో గుజ్జు, ఊరగాయ, పొడి, షర్బత్ చేసి మహిళలు సొంత వ్యాపారం పెట్టుకోవాలన్న సలహా తరచూ వింటుంటాం. మంచి సలహానే. కానీ పెండ్లిమర్రి వంటి మండలాల్లో భూమి లేని దళిత మహిళ గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు అడగాల్సింది వేరు: ఆ కాయ కోసే హక్కు ఆమెకుందా?

హక్కు లేనిచోట బేరం ఉండదు. పండిన సీతాఫలం రెండు మూడు రోజులకు మించి నిలవదు. అడవిలో ఎవరైనా ఆపుతారన్న భయం, సరుకు చెడిపోతుందన్న తొందర కలిస్తే దళారి చెప్పిందే ధర. అప్పు చేసి గుజ్జు యంత్రం కొన్నా, సరుకు దారిలో ఆగితే వాయిదా ఆగదు.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు ఇచ్చింది. దుంపలు, వేర్లు, ఔషధ మొక్కలు ఇందులోకే వస్తాయి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం అమ్మకమే కాదు, నిల్వ, ప్రాసెసింగ్, రవాణా కూడా ఈ హక్కులో భాగమే.

ఆదివాసీలు కాని దళితులు ఈ చట్టంలో 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడ నివసిస్తూ అడవిపై ఆధారపడ్డామని వాళ్లు చూపాలి. లెక్క 1930కి చేరుతుంది. బడికీ భూమికీ దూరంగా ఉంచిన వాడల్లో అప్పటి కాగితం ఎక్కడిది?

అందుకే నిబంధన 13ను మనం బాగా చదవాలి. హక్కు కోరేవారు కాక వేరే పెద్దలు చెప్పింది రాసిపెడితే అది సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, పూజా స్థలం కూడా ఆధారాలే. ఒకటి సరిపోదు, ఒకటికి మించి చూపాలి. వాడకు విడిగా ఉన్న శ్మశానం వివక్షకు గుర్తు. ఇక్కడ అదే హక్కుకు రుజువు కాగలదు.

హక్కుతో బాధ్యతా వస్తుంది. నన్నారి గడ్డను వేరుతో సహా తవ్వేస్తే మొక్కే పోతుంది. ఎప్పుడు, ఎంత తవ్వాలో గ్రామసభ నిర్ణయించవచ్చు. అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు మహిళలుండాలి.

కాబట్టి పొదుపు సంఘం అప్పు దరఖాస్తు కన్నా ముందు నింపాల్సింది సామూహిక హక్కుల ఫారం-బి. ఆ వాడల పెద్దలు బతికుండగానే వాళ్ల మాటలు రాసిపెట్టడం విద్యార్థులు ఈ వేసవిలోనే మొదలుపెట్టగల పని.