నిరోధక-కండెన్సరు వడపోతల రచన: మదరాసు ఎఫ్.ఎం. ప్రసారము ఒక నిదర్శనము

విద్యుద్వలయములలో నిరోధకము, కండెన్సరు అను రెండును మిక్కిలి సామాన్యమైన భాగములు. ఒక్కొక్కటి చొప్పున ఈ రెండింటిని కలిపినంత మాత్రముననే ఒక వడపోత సిద్ధించును. దీని పని జల్లెడ పని వంటిది కాదు. జల్లెడ ఒక పరిమాణమునకు లోబడినదానిని వదలి, మించినదానిని ఆపును. ఈ వడపోత చేటతో చెరుగుట వంటిది. వలసినది చాలవరకు నిలుచును, అక్కరలేనిది క్రమక్రమముగా తగ్గును.

దీని గణితము ఒక గుణకారము, ఒక భాగహారము మాత్రమే. అయినను కాగితముపై సరిపోయిన వడపోత వలయములో చేరిన పిమ్మట వేరొక విధముగా నడచుట కలదు. దానికి కారణమును, రచనాకాలముననే చేయదగిన సవరణను మదరాసు రేడియో చరిత్రలోని ఒక నిదర్శనముతో ఇచ్చట వివరింపవచ్చును.

మూలసూత్రము

పౌనఃపున్యము హెచ్చినకొలది కండెన్సరు చూపు అడ్డు తగ్గును. నిరోధకము చూపు అడ్డు మారదు. ఈ భేదమే వడపోతకు ఆధారము. సంకేతము వచ్చు మార్గమున నిరోధకమును, దాని చివరనుండి భూమికి కండెన్సరును అమర్చినచో, హెచ్చు పౌనఃపున్యములు కండెన్సరు ద్వారా జారిపోవును. తక్కువవి ముందుకు సాగును. రెండింటి స్థానములను తారుమారు చేసినచో ఫలితమును తారుమారగును.

కిలోఓములను మైక్రోఫారడులతో గుణించిన లబ్ధము మిల్లీసెకండ్లలో వచ్చును. దీనికి కాలస్థిరాంకమని పేరు. 159ని ఈ సంఖ్యచే భాగించినచో వడపోత యొక్క మలుపు పౌనఃపున్యము హెర్ట్జులలో లభించును. మలుపువద్ద వోల్టేజి మొదటిదానిలో నూటికి 71 వంతులుండును. మొదటి రకపు వడపోతలో మలుపును బాగుగా దాటిన పిమ్మట పౌనఃపున్యము రెండింతలైన ప్రతిసారియు వోల్టేజి ఇంచుమించు సగమగును.

మదరాసు నిదర్శనము

మదరాసులో రేడియో ప్రసారము 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రయత్నముతో ఆరంభమైనది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. 1977 జూలై 23న భారతదేశమున మొట్టమొదటి ఎఫ్.ఎం. ప్రసారము ఈ నగరముననే ప్రారంభింపబడినది.

ఎఫ్.ఎం. పద్ధతిలో ఒక చిక్కు కలదు. గ్రాహకమున పుట్టు బుసశబ్దము ధ్వని పౌనఃపున్యముతోపాటు పెరుగును. కావున ప్రసారకేంద్రము హెచ్చు స్వరములను ముందుగనే పెంచి పంపును. గ్రాహకము వానిని అంతే తగ్గించును. అట్లు తగ్గించునప్పుడు సంగీతము యథాస్థితికి వచ్చును, బుస మాత్రము అణగును. ఈ తగ్గించు పని ఒక నిరోధకము, ఒక కండెన్సరు చేయగలవు. భారతదేశమున దీనికి నిర్ణయింపబడిన కాలస్థిరాంకము 50 మైక్రోసెకండ్లు, అమెరికాలో 75. యాబది మైక్రోసెకండ్లనగా 0.05 మిల్లీసెకండ్లు, 159ని దానిచే భాగింపగా మలుపు సుమారు 3,180 హెర్ట్జులు.

అమెరికా కొలతకు కట్టిన గ్రాహకమును చెన్నైలో ఉపయోగించినచో, 10,000 హెర్ట్జులవద్ద ధ్వని వోల్టేజి ఉండవలసినదానిలో నూటికి 68 వంతులకు దిగును. గాయకుని సకారములు మొద్దుబారును. తంబురా ఝంకారములోని మెరుపు తగ్గును. వడపోత లేకున్నచో అదే పౌనఃపున్యము 3.3 రెట్లు వినవచ్చును. బుసయు దానితో వచ్చును. రెండు చిన్న భాగముల విలువపై సంగీతరూపము ఇంతగా ఆధారపడియున్నది.

పరిసర వలయముల ప్రభావము

0.01 మైక్రోఫారడు కండెన్సరును ఎన్నుకొన్నచో 5 కిలోఓముల నిరోధకము కావలెను. అంగడిలో సామాన్యముగా దొరకు విలువ 4.7 కిలోఓములు. దీనితో లబ్ధము 47 మైక్రోసెకండ్లే. అయితే వడపోత ఒంటరిగా ఉండదు. దానికి ముందున్న వలయమునకు 1 కిలోఓము అంతర్నిరోధము కలదనుకొందము. అది 4.7కు చేరి 5.7 కిలోఓములగును, లబ్ధము 57కు పెరుగును. వడపోత తరువాత 50 కిలోఓముల వాల్యూము కంట్రోలున్నచో, అది కండెన్సరుకు ప్రక్కన నిలిచి, ఫలిత నిరోధమును 5.12 కిలోఓములకు దించును. లబ్ధము 51 మైక్రోసెకండ్లగును. మొదట తక్కువగా తోచిన 4.7 కిలోఓములే ఇచ్చట యుక్తమైన విలువయని తేలుచున్నది.

వాల్యూము కంట్రోలు 50కి బదులు 5 కిలోఓములైనచో లబ్ధము 27 మైక్రోసెకండ్లకు పడిపోవును. మలుపు 6,000 హెర్ట్జులకు దగ్గరపడును. ధ్వని మట్టమును సగముకంటె తగ్గును. కావున తరువాతి వలయపు నిరోధము వడపోత నిరోధమునకు కనీసము పదిరెట్లుండుట మేలు.

భాగముల ఎన్నిక

చెన్నై రిచీ వీధి అంగళ్లలో 103 అని ముద్రింపబడిన కండెన్సరు 0.01 మైక్రోఫారడుది. ఆ ముద్ర విలువను మాత్రమే తెలుపును. నిజమైన విలువ దానికి ఎంత దగ్గరయో తెలుపదు. నిరోధకమున నూటికి 5, కండెన్సరున నూటికి 20 చొప్పున వ్యత్యాసమున్నచో, 50 మైక్రోసెకండ్ల కొలత 38 మొదలు 63 వరకు ఎచ్చటనైనను ఉండవచ్చును. రెండింటను నూటికి 5 వంతుల వ్యత్యాసమే ఉన్నచో అది 45, 55 మధ్య నిలుచును. కొన్ని రకముల సిరామిక్ కండెన్సర్లు వేడివలనను వోల్టేజివలనను విలువ మారును. కావున ఈ స్థానమునకు ప్లాస్టిక్ పొర కండెన్సరు తగినది.

వడపోత పరిమితి

మలుపు మెల్లనిది గనుక, దగ్గరదగ్గరగానున్న రెండు పౌనఃపున్యములను ఈ వడపోత విడదీయజాలదు. సంగీతములో కలిసిన 100 హెర్ట్జుల హోరును దీనితో తీసివేయబోయినచో, ఆ ప్రాంతపు మృదంగనాదమును నష్టపడును. ఆ హోరును విద్యుత్సరఫరాలోనే అణచవలెను. అచ్చట 1 కిలోఓము, 100 మైక్రోఫారడుల వడపోత 100 హెర్ట్జుల అలలను 63వ వంతునకు దించును. కాని 10 మిల్లీఆంపియర్లు ప్రవహించినచో నిరోధకములో 10 వోల్టులు నష్టమగును. 250 వోల్టులపై నడచు పాత వాల్వు రేడియోకు ఇది స్వల్పము. 12 వోల్టుల ట్రాన్సిస్టరు వలయమునకు భరింపరానిది.

కావున వడపోతను రచించువారు మొదట కాలస్థిరాంకమును నిర్ణయించి, పిమ్మట ముందు వెనుకల నిరోధములను తెలిసికొని, వానిని లెక్కలో చేర్చిన తరువాతనే నిరోధకపు విలువను ఎన్నుకొనవలెను. తుదకు అమర్చిన వలయమును మలుపు పౌనఃపున్యమువద్ద కొలిచి చూడవలెను. అచ్చట వోల్టేజి, మలుపునకు చాల దిగువనున్న పౌనఃపున్యమువద్ద కొలిచిన వోల్టేజిలో నూటికి 71 వంతులున్నచో, కాగితముపై వేసిన లెక్క వలయములోను నిలిచినదని గ్రహింపవచ్చును.